మామయ్య చూసిన లండను లారీలు

"ఆడకూతురివి, పైగా తెలుగు పాఠం చెప్పుకునేదానివి, నీకీ లారీల గొడవేమిటమ్మా?" అని మా కాలేజీలో పెద్దవారొకరు ఒకసారి అడిగారు. అడగరూ మరి! స్టాఫురూములో నా బల్లమీద ఆముక్తమాల్యద వ్యాఖ్యానం పక్కనే ఎనిమిది చక్రాల ఇంగ్లీషు లారీ అట్టబొమ్మ కనబడితే ఎవరికైనా సందేహం రావలసిందే. నవ్వి వూరుకున్నాను. జవాబు చెప్పాలంటే మా చిన్న మామయ్య దగ్గర్నుంచి మొదలెట్టాలి. అక్కడ మొదలెడితే గంట కొట్టేలోగా తెమిలే కథ కాదది.

మామయ్యకి ఎనిమిదో తరగతితోనే చదువుమీద విరక్తి పుట్టింది. తాతయ్య బడిపంతులు. ఆయన బెత్తానికి లొంగనివాడు ఊరు మొత్తంమీద సొంత కొడుకొక్కడే. రాజమండ్రిలో ఒక లారీషెడ్డులో చేరి, మొదట టైర్లు కడిగి, తరవాత పానాలు అందించి, చివరికి ఇంజను విప్పి బిగించడందాకా వచ్చాడు. ఆ షెడ్డుకి వచ్చేవి చాలామటుకు లేలాండు కామెట్ లారీలు. 1976లో ఎవరో మేస్త్రీ వెంట దోహా వెళ్ళాడు. అక్కడ ఒక సరుకుల గోదాములో లారీల మరమ్మతు పని. తాతయ్య మాత్రం ఎవరడిగినా, "మావాడు కతార్‌లో ఇంజన్ల పనిమీద వున్నాడండీ" అనేవారు. అందులో అబద్ధం లేదు. విన్నవాళ్ళు ఇంజనీరనుకుంటే ఆ తప్పు ఆయనది కాదుగా! వ్యాకరణం తెలిసినవారికి వాక్యం ఎక్కడ ఆపాలో బాగా తెలుస్తుంది.

ఆ గోదాముకి లండను నుంచి లారీలు వచ్చేవి. ఓడమీద కాదు సుమండీ, రోడ్డుమీద. మామయ్య రెండేళ్ళకోసారి సెలవుమీద వచ్చినప్పుడు, అంటే 1980ల్లో, ఎండాకాలం డాబామీద నీళ్ళు చల్లి పక్కలు వేసుకున్నాక పిల్లలందరికీ ఆ కబుర్లే చెప్పేవాడు. మా అన్నయ్యలు సగంలో నిద్రపోయేవారు. నాకు మాత్రం నిద్ర పట్టేది కాదు. లండనెక్కడ, దోహా ఎక్కడ? మధ్యన ఎన్ని దేశాలు, ఎన్ని కొండలు? అంత దూరం సరుకు వేసుకుని లారీ తోలుకురావలసిన ఖర్మ వాళ్ళకేమిటి?

ఆ సంగతి పెద్దయ్యాక పుస్తకాలు తిరగేస్తే తెలిసింది. 1967 జూన్ యుద్ధంతో సూయజు కాలువ మూతబడింది. మళ్ళీ 1975 జూన్ దాకా తెరవలేదు. ఈలోగా 1973 చివర చమురు ధర అమాంతంగా పెరిగి, గల్ఫు దేశాలకి డబ్బు వరదలా వచ్చిపడింది. ఆసుపత్రులు, హోటళ్ళు, విమానాశ్రయాలు అన్నీ ఒక్కసారే కట్టాలి. సరుకు కొనడానికి డబ్బుంది గాని దించడానికి రేవుల్లో చోటులేదు. ఓడలు వారాలు, నెలల తరబడి లంగరు వేసుకుని వంతుకోసం కాచుకునేవి. సరుకు త్వరగా కావలసినవాళ్ళకి రోడ్డే గతి అయింది.

అప్పటికే ఆ దారి తొక్కినవారున్నారు. 1964లో బాబ్ పాల్, మైకేల్ వుడ్‌మన్ అనే ఇద్దరు ఇంగ్లీషువాళ్ళు గై వారియర్ అనే లారీలో ఇంగ్లండునుంచి కాబూలు వెళ్ళారు. వాళ్ళ కంపెనీయే తరవాత ఆస్ట్రాన్ అనే పేరుతో ప్రసిద్ధికెక్కింది. 1977లో బి.బి.సి. వారు ఆ కంపెనీ డ్రైవర్ల ప్రయాణంమీద ఒక చిత్రం ప్రసారం చేశారు. పేరు 'డెస్టినేషన్ దోహా'. ఆ సంవత్సరం మామయ్య దోహాలోనే వున్నాడు. చిత్రంలో మాత్రం లేడు. నేను కళ్ళు చిట్లించుకుని మరీ చూశాను.

ఆ రోజుల ఇంగ్లీషు లారీల పేర్లు వింటే జంతుప్రదర్శనశాలకి వెళ్ళినట్టుంటుంది. లేలాండు కంపెనీవారు నాలుగు చక్రాల బండికి బీవర్ అని, ఆరు చక్రాలదానికి హిప్పో, అంటే నీటిగుర్రమని, ఎనిమిది చక్రాలదానికి ఆక్టోపస్ అని పేర్లు పెట్టుకున్నారు. ఎనిమిది కాళ్ళ జంతువు పేరు ఎనిమిది చక్రాల బండికి పెట్టిన మహానుభావుడెవరోగాని, అతను మా శాఖలో వుండవలసినవాడు. సౌతాల్‌లో తయారయ్యే ఏ.ఇ.సి. బండ్లకి మామ్మత్ మేజర్, మాండేటర్ వంటి గంభీరమైన పేర్లు. గై కంపెనీ బండి ముందు భాగాన ఈకల కిరీటం పెట్టుకున్న అమెరికా ఆదివాసి నాయకుడి తల వుండేది. స్కాట్లండులోని ఆల్బియన్‌వారి గుర్తు ఉదయిస్తున్న సూర్యుడు. ఈ ఆల్బియన్ మనకి కొత్తదేమీ కాదు. 1932లో నిజాం ప్రభుత్వం హైదరాబాదులో బస్సులు మొదలుపెట్టినప్పుడు తెప్పించినవి 27 ఆల్బియన్ బస్సులే.

ఇక కామెట్ అంటే తోకచుక్క. తోకచుక్క కనబడితే అరిష్టమని మన పెద్దలంటారు. ఆ పేరు పెట్టుకున్న లారీ మాత్రం మన దేశంలో ఎన్ని సంసారాలకి అన్నం పెట్టిందో లెక్కలేదు. 1948లో మద్రాసులో అశోక్ మోటార్స్ అని మొదలైన కంపెనీ లేలాండువారితో కలిసి 1955లో అశోక్ లేలాండు అయింది. మామయ్య చెయ్యి తిరిగింది ఆ బండ్లమీదే.

అన్నిటికన్నా నాకిష్టమైన కథ ఇ.ఆర్.ఎఫ్. లారీది. చెషైరులో శాండ్‌బాచ్ అనే ఊళ్ళో ఫోడెన్ అనే కుటుంబానిది ఆవిరి లారీల వ్యాపారం. ఎడ్విన్ రిచర్డ్ ఫోడెన్ అనే పెద్దమనిషి, ఇక ఆవిరికి కాలం చెల్లింది, డీజిలుకి మారదామన్నాడు. కంపెనీలో తక్కినవారు తటపటాయించారు. అరవై దాటిన వయసులో ఆయన బయటికొచ్చి, కొడుకుతో కలిసి 1933లో సొంతంగా డీజిలు లారీ తయారుచేశాడు. దానికి తన పేరులోని మూడక్షరాలే పేరు. మొదటి బండికి వేసిన నంబరు 63. అది ఆయన వయసు! మన వైపు ఆ ఈడుకి పెద్దవారు వాకిట్లో పడక్కుర్చీ వేయించుకుంటారు.

ఇంతటి పేరున్న ఈ బండ్లకి ఒక చిక్కు వుంది. అవి చిన్న ద్వీపం కోసం పుట్టిన బండ్లు. ఇంగ్లండులో 1957 దాకా బరువు లారీలు గంటకి 20 మైళ్ళు మించి పోరాదని చట్టం. లండను నుంచి ఉత్తరాదికి వెళ్ళే ఎం-1 అనే పెద్ద రోడ్డు మొదటి భాగం తెరిచిందే 1959 నవంబరులో. అలాంటి దేశంలో బండికి పరుగెందుకు? మాంచెస్టరు పక్కన పాట్రిక్రాఫ్టులో తయారయ్యే గార్డ్‌నర్ ఇంజనంటే డ్రైవర్లు ప్రాణం పెట్టేవారు. దాని బలం 150 హార్స్‌పవరు. డీజిలు తక్కువ తాగేది, ఏళ్ళ తరబడి మన్నేది, తొందరపెడితే మాత్రం వినేది కాదు. రాత్రి పడక రోడ్డుపక్క లాడ్జింగులో గనక క్యాబిన్లో పడుకునే చోటు పెట్టాలని చాలామంది తయారీదార్లకి తోచనేలేదు. డ్రైవరుకీ పక్క సీటుకీ మధ్యన ఇంజను మూత, దాని వేడి, దాని రొద.

అటువంటి బండ్లు తోలుకుని ఆసియాకి బయల్దేరారు వాళ్ళు. రెండు సీట్లమీదుగా, ఇంజను మూతమీదుగా ఒక చెక్కపలక అడ్డంగా వేసుకుని దానిమీదే నిద్ర. బండి పక్కన బిగించిన పెట్టెలో స్టవ్వు, డబ్బా మాంసం, టీ సామాను. వెనక టి.ఐ.ఆర్. అని తెల్లక్షరాలున్న నీలంరంగు పలక. ఆ పలకా, దానికి సంబంధించిన కాగితాలూ వుంటే, సీలు వేసిన సరుకుని ప్రతి సరిహద్దులోనూ విప్పి చూపించనక్కర్లేదు. 1959లో దేశాలు చేసుకున్న ఒడంబడిక అది. విప్పనక్కర్లేదు గాని కాచుకోనక్కర్లేదని ఎవరూ చెప్పలేదు. బల్గేరియానుంచి టర్కీలోకి దిగే కపికులే దగ్గర లారీల వరస మైళ్ళకొద్దీ వుండేదట. అక్కడ స్టవ్వులు వెలిగించి వంటలు చేసుకుని, గడ్డాలు గీసుకుని, పొరుగూరి కబుర్లు చెప్పుకునేవారట.

మామయ్యకి ఈ దారంతా ఎలా తెలిసిందంటే, ఒక రాత్రి ఒక ఇంగ్లీషు డ్రైవరు గోదాము నేలమీద సుద్దతో గీసి చూపించాడు.

అది 1977 జూన్. దోహాలో ఆ నెల రాత్రి పదింటికి కూడా ఇనుము ముట్టుకుంటే చురుక్కుమంటుంది. ఒక ఇంగ్లీషు లారీ పీతలాగా పక్కవాటంగా నడుచుకుంటూ గోదాములోకి వచ్చింది. వెనక కమాను కట్టలో సెంటరు బోల్టు తెగి ఇరుసు పక్కకి జరిగిపోయింది. బండి తప్పేమీ లేదు. రోడ్డుకాని రోడ్డుమీద బరువు అలాంటిదని మామయ్య అంటాడు. డ్రైవరు దగ్గర బోల్టుంది, జాకీ వుంది. యూ బోల్టులు విప్పే పెద్ద పానా మాత్రం దారిలో ఎక్కడో పోయింది. గోదాములో వున్నవి మిల్లీమీటర్ల పానాలు. బండివి అంగుళాల బోల్టులు. ఎక్కిన పానా తిరగదు, తిరిగే పానా ఎక్కదు. అక్కడున్నవాళ్ళంతా చూసి చూసి, తెల్లారాక చూద్దామని పడుకోబోయారు.

మామయ్య తన ట్రంకుపెట్టెలోంచి రాజమండ్రి పానా తీసుకొచ్చాడు. కామెట్‌మీద పనిచేసిన అంగుళాల పానా. పరాయి దేశం వెళ్తూ పానా ఎందుకురా అని అమ్మమ్మ పెట్టెలోంచి తీసేస్తే, మళ్ళీ పంచెలో చుట్టి పెట్టుకున్నాడట. అది బోల్టుకి అతికినట్టు సరిపోయింది. "అప్పుడు వాడు నన్ను చూసిన చూపు, అమ్మాయీ, నా పెళ్ళిలో మీ అత్తయ్య కూడా అలా చూడలేదే" అనేవాడు మామయ్య. అత్తయ్య లోపల్నుంచి దగ్గేది.

తెల్లవారుజాము దాకా ఇద్దరూ బండికింద పడుకుని పనిచేశారు. అతనికి మామయ్య మాట రాదు, మామయ్యకి అతని మాట రాదు. జాకీ, బోల్టు, నట్టు, స్ప్రింగు, ఈ నాలుగు మాటలూ ఇద్దరివీను. అయిదోది చాయ్. పని అయ్యాక డ్రైవరు స్టవ్వు వెలిగించి కషాయంలాంటి టీ కాచి, డబ్బాపాలు పోసి ఇచ్చాడు. అప్పుడే సుద్ద తీసుకుని దారి గీశాడు. బెల్జియం, జర్మనీ, ఆస్ట్రియా, యుగోస్లావియా, బల్గేరియా. ఇస్తాంబులులో ఒక వంతెన. అది 1973 అక్టోబరులో తెరిచినది. అంతకుముందు లారీలు పడవ ఎక్కి యూరపు దాటి ఆసియాలో దిగేవి. అక్కడ లోండ్రా క్యాంపింగ్ అనే మకాం దగ్గర అతను పెద్ద చుక్క పెట్టాడట. దేశదేశాల డ్రైవర్లు కలుసుకునే మకాం అది. ఆ తరవాత గీత రెండుగా చీలింది. ఒకటి సిరియా, జోర్డాను దాటి సౌదీ ఎడారిలోకి. అక్కడ చమురు గొట్టం పక్కనే వేలమైలులాగా తోచే రోడ్డొకటి వుంది, ట్యాప్‌లైన్ రోడ్డంటారు. ఆ గీత దోహాకి వచ్చి ఆగింది. రెండోది తూర్పుకి, ఇరాన్‌వైపు.

ఆ రెండో గీతమీద అతను ఒక కొండ వేసి, కొండమీద చుక్కలు చుక్కలుగా పెట్టి, గజగజ వణికి చూపించాడు. మంచు. తరవాత లారీ బొమ్మ వేసి, డీజిలు ట్యాంకు కింద మంట వేశాడు! మామయ్యకి మతిపోయింది. డీజిలు ట్యాంకు కింద ఎవరైనా మంట పెడతారా? వాడికి ఎండదెబ్బ తగిలిందనుకున్నాడు. నిజానికి అతను చెప్పింది తాహిర్ కనుమ సంగతి. టర్కీలో ఎర్జురం దాటాక, రెండువేల నాలుగువందల మీటర్ల పైచిలుకు ఎత్తున వుండే దారి. చలికాలంలో అక్కడ డీజిలు మైనంలా గడ్డకడుతుంది. ఇంజను ఆగితే మళ్ళీ కదలదు. ట్యాంకు కింద చిన్న మంట పెట్టి డీజిలుని కరిగించుకుని బతికి బయటపడ్డవాళ్ళు ఎందరో వున్నారు. గోదావరి గట్టున పుట్టినవాడికి మంచేమిటో, డీజిలు గడ్డకట్టడమేమిటో ఎలా తెలుస్తుంది? అయినా ఆ మనిషి చేతులు చూస్తే అబద్ధమాడేవాడిలా లేడని మామయ్య నమ్మేశాడు.

నేను తెలుగు మేష్టరిణి గనక ఒక మాట చెప్పకుండా వుండలేను. ఆ డ్రైవర్ల జ్ఞాపకాల్లో పదేపదే వచ్చే మాట బక్షీష్. సరిహద్దులో ముద్రపడాలంటే సిగరెట్టు పెట్టె చేతులు మారాలి. దాన్ని కొందరు చాలా ఈసడించుకుంటూ రాశారు. పారశీకంలో పుట్టి టర్కీలో తిరిగి, మన ఊళ్ళో బక్షీసై కూర్చున్న ఆ మాట ఎంత దూరం ప్రయాణం చేసిందో నాకు ముచ్చటేస్తుంది. టర్కీ లారీలమీద 'మాషల్లా' అని రాసుకుంటారు, దిష్టి తగలకుండా. మనవాళ్ళు నిమ్మకాయా మిరపకాయలూ కడతారు. లండను బండికి అవేమీ లేవు. అందుకే సెంటరు బోల్టు తెగిందని మా అమ్మమ్మ తీర్పు.

అత్తయ్య తీర్పు వేరు. ఆ డ్రైవర్ల భార్యలు వారాల తరబడి కబురూ కాకరకాయా లేక ఎలా గడిపేవారో నేనొకసారి చదివి వినిపించాను. అప్పట్లో దారిలో ఫోను దొరకడమే గగనం. బండి మంచులో కూరుకుందో, సరిహద్దులో ఆగిందో ఇంట్లోవాళ్ళకి తెలిసేది కాదు. అత్తయ్య చాటలో బియ్యం ఏరుతూ అంతా విని, "నెలన్నరకో రెణ్ణెల్లకో ఇంటికొచ్చేవాడన్నమాట! అదృష్టవంతురాలు" అంది. మామయ్య అక్కడ పదకొండేళ్ళున్నాడు. ఆమె దగ్గర గళ్ళచీరలో కట్టిన విమానం ఉత్తరాల కట్ట వుంది. అందులో ఏముందో నాకు చూపించలేదు, నేనడగలేదు.

ఇంగ్లీషు లారీల వైభవం అట్టే కాలం నిలవలేదు. స్వీడను నుంచి వోల్వో, స్కానియా బండ్లు వచ్చాయి. వాటికి బలం ఎక్కువ, పడుకోడానికి పక్క వుంది. చలిదేశంవాళ్ళకి డ్రైవరు కూడా మనిషేనని ముందుగా తట్టింది. కాబూలు దారి తొక్కిన కంపెనీవాళ్ళే తరవాత స్కానియాలకి మారారు. 1979లో ఇరాన్‌లో విప్లవం, ఆ ఏడాది చివర ఆఫ్ఘనిస్తాన్‌లో రష్యను సైన్యం, 1980లో ఇరాన్ ఇరాకుల యుద్ధం. తూర్పు దారి అలా మూసుకుపోయింది. గల్ఫులో కొత్త రేవులూ వచ్చాయి. ఏ.ఇ.సి. సౌతాల్ కార్ఖానా 1979లో, గై 1982లో మూతబడ్డాయి. ఫోడెన్ పేరు 2006లో, ఇ.ఆర్.ఎఫ్. పేరు 2007లో పోయాయి. లేలాండు అనే ఊళ్ళో ఇప్పటికీ లారీలు తయారవుతున్నాయి గాని వాటిమీద వుండే పేరు డాఫ్. లారీమీద లేలాండు అన్న మాట చూడాలంటే ఇప్పుడు మన రోడ్డుమీదికే రావాలి. ఆ మాటకొస్తే, అమెరికావాడి ట్రక్కు ఎంత మోత మోగినా మన పల్లెటూళ్ళ నోట నిలిచింది ఇంగ్లీషువాడి లారీయే.

అక్కడివాళ్ళు తమ పాత లారీలని మరిచిపోలేదు. తుప్పుపట్టినవాటిని కొని, విప్పి, రంగులు వేసి, ఏటేటా ప్రదర్శనలు పెట్టుకుంటారు. ముసలి డ్రైవర్లు వచ్చి పక్కన నిలబడి ఫొటోలు తీయించుకుంటారు. పుస్తకాలు రాస్తారు. చూస్తే నాకు కొంచెం కుళ్ళుగా వుంటుంది. కలకత్తాకీ బొంబాయికీ కామెట్లు తోలిన మనవాళ్ళని కూచోబెట్టి ఎవరు అడిగారు? లారీడ్రైవరుకి పిల్లనివ్వడానికే వెనకాడిన వాళ్ళం. ఈమధ్య నేనే ఒక నోటుపుస్తకం పెట్టుకుని, రాజమండ్రిలో మామయ్య ఎరిగిన పాత డ్రైవర్ల దగ్గరికి ఆదివారాలు వెళ్తున్నాను. ముందు సిగ్గుపడతారు. "మా కథలేముంటాయమ్మా" అంటారు. రెండోసారి వెళ్తే, కూర్చోమని నులకమంచంమీద దుప్పటి పరుస్తారు. మూడోసారికి నా నోటుపుస్తకం చాలదు.

మామయ్యకి నా పనులన్నిటిలోకీ ఒక్కదానిమీదే ఆసక్తి. ఆ తెల్లవారుజామున బండి బయల్దేరేముందు, డ్రైవరు తన కెమేరా పక్కవాడికిచ్చి, మామయ్య భుజంమీద చెయ్యివేసి ఫొటో తీయించుకున్నాడు. పంపిస్తానని చిరునామా కూడా రాసుకున్నాడు. రాలేదు. పోస్టులో పోయిందో, అతని చొక్కాజేబులో తడిసిపోయిందో. పేరు చెప్పాడుగాని మామయ్యకి పట్టుబడలేదు. అందుకని ఆ పాత డ్రైవర్ల ఫొటోలు ఎక్కడ కనబడ్డా నేను చూస్తూవుంటాను. చాలావాటిలో చక్రం పక్కన ఎవరో ఒక నల్లటి సన్నటి మనిషి నవ్వుతూ వుంటాడు. కింద డ్రైవరు పేరుంటుంది, లారీ పేరుంటుంది, ఊరూ సంవత్సరమూ వుంటాయి. ఆ మనిషి పేరు వుండదు. కొన్ని తీసుకెళ్ళి మామయ్యకి చూపించాను. కళ్ళజోడు తుడుచుకుని ఒక్కొక్కటీ చూసి, కాదని తల అడ్డంగా వూపాడు.

"తొందరేం లేదే అమ్మాయీ, చూస్తూవుండు. గళ్ళలుంగీ, బనీను. బనీనుకి కుడిపక్క ఇంత గ్రీజు మరక. పానా ఎడంచేతిలో వుంటుంది. కుడిచేత్తో వాడి టీకప్పు పట్టుకున్నానుగా!"